నేను రాసిన బాండు పేపరు

1994 వేసవిలో దేవరకొండ దగ్గరి ఒక ఊళ్ళో, గ్రామ పంచాయతీ అరుగు మీద కూర్చుని, ఇరవై రూపాయల బాండు పేపరు మీద నేను ఒక జంటకు విడాకులు రాసి ఇచ్చాను. నేను వకీలును కాను. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో పంతులును. అక్షరం గుండ్రంగా ఉంటుందన్న ఒక్క కారణంతో, భూమి పంచినా, బాకీ తీర్మానం చేసినా, కాపురం విడదీసినా పెద్దమనుషులు నన్ను బడి నుంచి పిలిపించి కాగితం రాయించేవారు. ఆ రోజు అమ్మాయి తండ్రి కల్వకుర్తి వైపు నుంచి ట్రాక్టరు కట్టుకుని వచ్చాడు. బీరువా, పట్టెమంచం ట్రాలీలోకి ఎక్కించాక, పెళ్ళిలో పెట్టిన ఇత్తడి బిందెలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, మెడ కింద కొట్టించిన పేరు తన బిడ్డదో కాదో వేలితో తడిమి చూసుకుని మరీ లోపల పెట్టించాడు. నేను మాత్రం నా వాక్యం మీదే మనసు పెట్టాను: "నేటి నుండి మేము ఒకరిపై ఒకరము ఎట్టి హక్కులు కోరము, ఎవరి ఇష్టానుసారము వారు మారుమనువు చేసుకొనవచ్చును." అబ్బాయి సంతకం పెట్టాడు, అమ్మాయి వేలిముద్ర వేసింది, అయిదుగురు పెద్దమనుషులు సాక్షులుగా సంతకాలు చేశారు. వాక్యం బాగా కుదిరిందని ఇంటికి వెళ్తూ నేను మురిసిపోయిన సంగతి కూడా దాచను.

పదవీ విరమణ తరువాత ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థలో, జనానికి చట్టం సంగతులు చెప్పి దారి చూపే పారా లీగల్ వాలంటీరుగా శిక్షణ తీసుకున్నాను. నాలుగేళ్ళ కిందట ఒక మహిళ లామినేషన్ చేయించిన కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, "సారూ, నా పెనిమిటి పోయిండు, పింఛను కోసం పోతే కోర్టు కాగితం తెమ్మంటున్నరు, ఇది చెల్లదంట" అన్నది. చదవనవసరం లేకుండానే ఆ రాత నాదని తెలిసిపోయింది. ఆమె ఆ అబ్బాయికి రెండో భార్య. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసి ఇద్దరు పిల్లలను పెంచిన ఆమె, చట్టం లెక్కలో అతనికి భార్య కాదు. జడ్చర్ల దగ్గర వేరొకరితో సంసారం చేసుకుంటూ మనవలను ఎత్తుకున్న మొదటి ఆమె మాత్రం చట్టం లెక్కలో అతని విధవ.

నేను రాసిన కాగితం ఎందుకు చెల్లలేదో అప్పుడే శ్రద్ధగా చదివి తెలుసుకున్నాను. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళి కోర్టు ఇచ్చే డిక్రీతో రద్దవుతుంది తప్ప, భార్యాభర్తలు ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుని రాసుకున్న బాండు పేపరుతో గానీ, నోటరీ ముద్రతో గానీ, పోలీసు స్టేషనులో పెట్టిన సంతకంతో గానీ రద్దు కాదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆ చట్టంలోని 29వ సెక్షన్ రెండో ఉపవిభాగం, ఏదైనా కులంలో ఆచారంగా వస్తున్న విడాకుల హక్కును అలాగే ఉంచింది. మన ప్రాంతంలో మారుమనువు ఆచారం ఉన్న కులాలు తక్కువేమీ కాదు గనుక, కుల పంచాయితీలో తెంపుకున్నవన్నీ ఈ సెక్షన్ కిందికే వస్తాయని పెద్దమనుషులు నమ్ముతారు. కానీ ఆ ఆచారం పూర్వం నుంచి ఎడతెగకుండా, ఒక నిశ్చితమైన పద్ధతిలో నడుస్తున్నదని చెప్పుకునేవారే కోర్టులో రుజువు చేయాలి. ఆ మహిళ కోసం సాక్ష్యం చెప్పడానికి నేను సిద్ధపడ్డాను గానీ, కాగితం రాసింది నేనేనని చెప్పగలను తప్ప వాళ్ళ కులాచారం గురించి నాకేం తెలుసు? సంతకాలు చేసిన అయిదుగురిలో నలుగురు కాలం చేశారు, అయిదో ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

డిక్రీ లేకుండా చేసుకున్న రెండో పెళ్ళి 11వ సెక్షన్ ప్రకారం మొదటి నుంచీ చెల్లనిది. అంతే కాదు, ఒకప్పుడు భారత శిక్షా స్మృతిలో 494గా ఉండి 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 82గా మారిన సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలు శిక్ష పడగల నేరం. పిల్లల విషయంలో చట్టం కొంత దయ చూపింది. హిందూ వివాహ చట్టంలోని 16వ సెక్షన్ వల్ల వాళ్ళు చట్టబద్ధమైన సంతానమే, తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్ళకు వాటా ఉంటుందని 2023లో సుప్రీంకోర్టు మరోసారి వివరంగా చెప్పింది. చివరికి ఆ మహిళకు పింఛను రాలేదు, పిల్లల పేర్లు మాత్రం వారసులలో చేరాయి.

విడిగా ఉండడం వేరు, విడిపోవడం వేరు. పిల్ల తల్లిగారింటికి వచ్చి పదేళ్ళయింది కాబట్టి విడాకులు వాటంతట అవే అయిపోయినట్టేనని వాదించేవారు నాకు నెలకొకరైనా తగులుతారు. పదేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళు విడిగా ఉన్నా డిక్రీ లేనిదే పెళ్ళి పెళ్ళిగానే ఉంటుంది. కోర్టు ద్వారా విడిగా ఉండే పద్ధతి కూడా ఒకటి ఉంది. 10వ సెక్షన్ కింద తీసుకునే ఆ డిక్రీని న్యాయిక వేర్పాటు అంటారు. దానితో కలిసి కాపురం చేయవలసిన బాధ్యత పోతుంది గానీ పెళ్ళి నిలిచే ఉంటుంది. కాబట్టి మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి వీలుండదు, భర్త మరణిస్తే భార్య వారసురాలిగానే ఉంటుంది. విడాకుల డిక్రీ వచ్చిన భార్యకు ఆ వారసత్వం ఉండదు. కోపంలో ఉన్నవారికి ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నాలుగు ఎకరాల పట్టా భర్త పేరు మీద ఉన్న ఇంట్లో అది చిన్నది కాదు. ఆ డిక్రీ తరువాత ఏడాది దాటినా కాపురం కలవకపోతే, ఆ కారణం మీదే ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చు.

కాపురానికి రమ్మని కోర్టు ద్వారా కోరే 9వ సెక్షన్ దరఖాస్తు గురించి ఒక మాట. ఇష్టం లేని మనిషిని కాపురానికి పంపే ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి కొట్టివేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. నా మట్టుకు నాకు చౌదరి గారి తీర్పే సబబుగా తోస్తుంది, కానీ చట్టం నా అభిప్రాయం మీద నడవదు. భార్య మనోవర్తి కేసు వేయగానే భర్త వైపు నుంచి ఈ దరఖాస్తు పడడం ఇక్కడ ఎంత మామూలైపోయిందంటే, ఆ నోటీసు అందుకున్న ఆడపిల్లలు పోలీసులు వచ్చి తమను ఎత్తుకెళ్తారేమోనని భయపడి వస్తారు. అలా ఎవరూ ఎత్తుకెళ్ళరు. ఆ డిక్రీని ధిక్కరిస్తే ఆస్తి జప్తు వంటి చిక్కులు రావచ్చు గానీ, మనిషిని బలవంతంగా కాపురంలో కూర్చోబెట్టే అధికారం ఏ కోర్టుకూ లేదు. నోటీసును మూలన పడేసి వాయిదాకు వెళ్ళకపోవడమే అసలు ప్రమాదం.

ఇద్దరికీ ఇష్టమైతే దగ్గరి దారి 13-బి సెక్షన్. 1976 సవరణతో వచ్చిన ఈ సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకోవాలంటే ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. విడిగా ఉండడమంటే భార్యాభర్తలుగా మెలగకపోవడమే తప్ప వేర్వేరు ఇళ్ళలో ఉండి తీరాలని కాదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ కలిసి దరఖాస్తు వేసిన ఆరు నెలల తరువాత, పద్దెనిమిది నెలల లోపల మళ్ళీ కోర్టు ముందుకు వచ్చి తమ మాట మీదే ఉన్నామని చెప్పాలి. అప్పటికే ఏడాదిన్నరకు పైగా విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేల్చుకున్నవారికి ఆ ఆరు నెలల గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో తీర్పు వచ్చింది. దరఖాస్తుకూ చివరి వాయిదాకూ మధ్య ఎవరైనా ఒకరు మనసు మార్చుకుంటే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి మొదటి రోజే డబ్బు మొత్తం ముట్టజెప్పిన భర్త గానీ, డబ్బు చేతికి రాకముందే మిగిలిన కేసులన్నీ వాపసు తీసుకున్న భార్య గానీ రెండో వాయిదా నాటికి చిక్కుల్లో పడవచ్చు. చివరి వాయిదా రోజున జడ్జి ఎదుటే డిమాండ్ డ్రాఫ్టు చేతులు మారేలా రాసుకోవడం మంచిదని వకీళ్ళు చెప్పేది ఇందుకే.

ఒకరికి ఇష్టం లేనప్పుడు 13వ సెక్షన్‌లోని కారణాలలో ఏదో ఒకటి రుజువు చేయాలి. అవి హింస, వదిలివేయడం, వివాహేతర సంబంధం, మతం మారడం, కలిసి ఉండలేనంతటి మానసిక రుగ్మత వంటివి. పెళ్ళయిన ఏడాది లోపల మామూలుగా ఈ దరఖాస్తు వేయడానికి వీల్లేదు. ఇద్దరికీ పొసగడం లేదు, కాపురం ఇక అతకదు అన్నది చట్టం రాసిన కారణాలలో లేదు. రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద తనకున్న ప్రత్యేక అధికారంతో సుప్రీంకోర్టు అలాంటి పెళ్ళిళ్ళను రద్దు చేయగలదని 2023 మే నెలలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది గానీ, ఆ అధికారం జిల్లాలోని కుటుంబ న్యాయస్థానానికి లేదు.

వీటిలో మన పాలమూరు బతుకులకు బాగా ముడిపడినది వదిలివేయడం అనే కారణం. దరఖాస్తు నాటికి ముందు రెండేళ్ళపాటు ఎడతెగకుండా, సరైన కారణం లేకుండా, తిరిగి వచ్చే ఉద్దేశం లేకుండా వదిలివేసి ఉండాలని చట్టం అంటుంది. ముంబైకో పుణెకో కూలికి పోయి, మూడేళ్ళపాటు పండగకు కూడా రాని భర్త భార్యను వదిలివేసినట్టేనా? దూరంగా ఉండడం ఒక్కటే చాలదు, బంధం తెంచుకోవాలన్న ఉద్దేశం కూడా ఉండాలని 1956 నాటి తీర్పు నుంచీ సుప్రీంకోర్టు చెబుతూ వస్తున్నది. నెలనెలా ఫోను చేసి, చేతనైనంత డబ్బు పంపే మనిషి వలస కూలీయే తప్ప భార్యను వదిలేసినవాడు కాదు. ఫోను నంబరు మార్చి, మేస్త్రీకి కూడా చెప్పకుండా వేరే అడ్డాకు మారిపోయి, రూపాయి పంపనివాడి సంగతి వేరు. అలాగే కొట్టిన దెబ్బలు తట్టుకోలేక తల్లిగారింటికి వచ్చిన భార్య, భర్తను వదిలేసినట్టు కాదు. చట్టం దృష్టిలో ఆమె వెళ్ళిపోయేలా చేసినవాడే వదిలేసినవాడు.

వలసలో మరొక ప్రమాదం కూడా ఉంది. పాత చిరునామాకు నోటీసు పంపి, తాళం ఉందని తిరిగి వస్తే పత్రికలో ప్రకటన వేయించి, ఎదుటివారు లేకుండానే డిక్రీ తెచ్చుకున్నవారిని చూశాను. అలాంటి ఏకపక్ష డిక్రీని రద్దు చేయమని అదే కోర్టును కోరవచ్చు. గడువు ముప్పై రోజులే. అయితే నోటీసు సరిగా అందనివారికి ఆ ముప్పై రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతాయి.

మనోవర్తి కోసం విడాకుల దాకా వెళ్ళనవసరం లేదని చాలామందికి తెలియదు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లోని 125వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా ఉన్నది, భార్యకూ పిల్లలకూ తల్లిదండ్రులకూ కూడా పోషణ ఖర్చు ఇప్పిస్తుంది; విడాకులు పొందిన భార్యకు కూడా, మళ్ళీ పెళ్ళి చేసుకునే దాకా ఆ హక్కు ఉంటుంది. విడాకుల కేసు నడుస్తుండగా మధ్యంతర భరణం హిందూ వివాహ చట్టంలోని 24వ సెక్షన్ కింద అడగవచ్చు, ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చు. ఎంత ఇవ్వాలన్నదానికి పట్టిక ఏమీ లేదు. నికర జీతంలో నాలుగో వంతు సమంజసమని ఒక కేసులో 2017లో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే గానీ, అది అన్ని చోట్లా పనికొచ్చే కొలత కాదు. అంతకన్నా పనికొచ్చేది 2020 నవంబరు తీర్పు. దాని ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో వెల్లడించాలి, భరణం తీర్పు రోజు నుంచి కాకుండా దరఖాస్తు వేసిన రోజు నుంచే లెక్కించాలి.

భర్త ఆస్తిలో సగం వస్తుందన్న నమ్మకం మాత్రం సినిమాల వల్ల వచ్చిందో, అమెరికాలో ఉన్న బంధువుల వల్ల వచ్చిందో తెలియదు. మన చట్టంలో అలాంటి సగం లేదు. పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉంటే భూమి వారిదే, ఇద్దరి పేర్ల మీద రిజిస్ట్రేషన్ అయిన ఇల్లయితే ఇద్దరిదీ. స్త్రీధనం సంగతి వేరు. తల్లిగారు పెట్టిన తులాల బంగారం, పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరం, పెళ్ళిలో వచ్చిన కానుకలు పూర్తిగా ఆమెవేనని, అత్తగారింట దాచుకోవడానికి ఇచ్చినంత మాత్రాన వారివి కావని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది వచ్చిన నిబంధనలు, పెళ్ళిలో వచ్చిన కానుకల జాబితాను రాసి సంతకాలతో దగ్గర ఉంచుకోవాలని చెప్పాయి. నేను పోయిన పెళ్ళిళ్ళలో కట్నాల పుస్తకంలో నూటపదహార్లు రాయడం చూశాను తప్ప ఈ జాబితా రాసిన ఇల్లు ఒక్కటీ చూడలేదు. బిందెల మీద పేరు కొట్టించిన ఆ తండ్రి తెలియకుండానే ఆ నిబంధనకు దగ్గరగా నడిచాడు.

ఇంట్లోంచి వెళ్ళగొడితే, 2006 అక్టోబరు నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కును అడగవచ్చు. ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా అది ఉమ్మడిగా కాపురం చేసిన ఇల్లే కావచ్చని 2020లో తీర్పు ఉంది. పిల్లల విషయంలో అయిదేళ్ళ లోపు వారు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి చట్టం అంటుంది. ఆ పైన ఎవరి దగ్గర ఉంటే బిడ్డకు మేలో అదే కొలత, తండ్రి సంపాదన ఒక్కటే కాదు. బిడ్డకు రావలసిన పోషణను తల్లిదండ్రులు బేరంలో వదులుకుని రాసిన షరతు బిడ్డను కట్టిపడేయదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఎక్కువగా హిందూ వివాహ చట్టం గురించి. మన దేవరకొండ తండాలలోని లంబాడాలకు, నల్లమల చెంచులకు ఆ చట్టం నేరుగా వర్తించదు. షెడ్యూల్డ్ తెగలను 2వ సెక్షన్ మినహాయించింది. కాబట్టి తండా పంచాయితీ తీర్పుకు ఊరి పంచాయితీ తీర్పు కంటే ఎక్కువ బలం ఉండవచ్చు. అయినా ఆచారాన్ని రుజువు చేయవలసిన భారం అక్కడా తప్పదు గనుక, విడిపోయినట్టు కోర్టులో ప్రకటన తెచ్చుకోవడమే క్షేమం. ముస్లింలలో ఒక్కసారే మూడుసార్లు తలాక్ చెప్పడం చెల్లదని 2017లో తీర్పు, అది నేరమని 2019లో చట్టం వచ్చాయి. భార్య తన వైపు నుంచి కోరే విడాకులైన ఖులా, 1939 చట్టం కింద కోర్టు విడాకులు ఉన్నాయి. విడాకులైన ముస్లిం మహిళ కూడా 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన తెలంగాణ నుంచి వెళ్ళినదే. క్రైస్తవులకు 1869 నాటి చట్టం, అందులో 2001లో చేర్చిన పరస్పర అంగీకారపు సెక్షన్ ఉన్నాయి.

ఎక్కడ వేయాలన్నది తరువాతి ప్రశ్న. పెళ్ళి జరిగిన చోట, చివరిసారి కలిసి ఉన్న చోట, ఎదుటివారు ఉంటున్న చోట వేయవచ్చు. భార్య అయితే 2003 సవరణ తరువాత తాను ఉంటున్న చోటే వేయవచ్చు కాబట్టి, అచ్చంపేటలో ఉన్న పిల్ల ప్రతి వాయిదాకూ నల్లగొండ బస్సు ఎక్కనక్కర లేదు. ఖర్చుకు భయపడి ఆగిపోయేవారు తెలుసుకోవలసింది, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతోనే వకీలును పెట్టే ఏర్పాటు 1987 చట్టంలో ఉంది. 15100కు ఫోను చేసినా, కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వచ్చి తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా చాలు. తక్షణ భయం ఉంటే మహిళల సహాయ నంబరు 181. పెళ్ళి రిజిస్టరు కాలేదని బెంగపడేవారికి శుభలేఖ, ఫోటోలు, కల్యాణలక్ష్మి దరఖాస్తుకు జతపరిచిన కాగితాలు రుజువుగా అక్కరకు వస్తాయి. డిక్రీ వచ్చాక సర్టిఫైడు నకలు తీసుకోవాలి, అప్పీలు గడువు, అంటే హిందూ వివాహ చట్టం కింద తొంభై రోజులు, దాటేదాకా మళ్ళీ పెళ్ళి మాట ఎత్తకూడదు, బ్యాంకులోనూ కొలువులోనూ నామినీ పేరు మార్చుకోవాలి.

పెద్దమనుషుల మీద నాకు కోపం లేదు. పోయిన సంక్రాంతి తరువాత కూడా ఒక పంచాయితీ వారు వంద రూపాయల బాండు పేపరు తెచ్చి, "పంతులు సారూ, పాత పద్ధతిలో ఓ ముక్క రాసియ్యండి" అని నా ముందు పెట్టారు. సామాను అప్పటికే ఆటో ట్రాలీలోకి ఎక్కింది. నేను పైన "సామాను ముట్టిన రసీదు" అని రాసి, బీరువా ఒకటి, మంచం ఒకటి, కుట్టు మిషను ఒకటి, పేరు కొట్టిన స్టీలు బిందెలు నాలుగు, నాలుగు తులాల బంగారం అని వరుసగా రాసి, రెండు వైపులా సంతకాలు చేయించాను. కింద ఇంకా సగం కాగితం ఖాళీగా ఉంది, విడాకుల మాట రాయలేదేమని వాళ్ళు అడిగారు. ఖాళీ జాగాను అడ్డగీతతో కొట్టివేసి, సోమవారం ఇద్దరూ ఆధార్ కార్డులు, పెళ్ళి ఫోటో పట్టుకుని నల్లగొండ కోర్టుకు రమ్మని చెప్పాను.